పొమ్మన్నచోట తోడు నిలిచినవారు

2017 ఫిబ్రవరి 22వ తేదీ సాయంకాలమున, అమెరికాలోని కాన్సస్ రాష్ట్రమందలి ఒలేథా పట్టణములో, పని ముగించుకొని ఒక బారు ముంగిట కూర్చుండి కబుర్లు చెప్పుకొనుచుండిన కూచిభొట్ల శ్రీనివాస్, మాదసాని అలోక్ అను ఇద్దరు తెలుగు ఇంజనీర్లను సమీపించి, ఏ వీసా మీద వచ్చితిరి, చట్టప్రకారము వచ్చితిరా లేదా అని నిలదీసి దుర్భాషలాడిన ఆడమ్ ప్యూరింటన్ అనువానిని అచ్చటివారు బయటికి పంపివేసి, వీరిద్దరికిని క్షమాపణ చెప్పి ఊరడించిరి. వాడు తుపాకితో తిరిగి వచ్చెను. 'మా దేశము విడిచి పొండి' అన్న ఆ కేక, ఆ తూటాలు 32 ఏండ్ల శ్రీనివాస్ ప్రాణములను బలిగొనెను. అలోక్ కాలిలో గుండు దిగెను.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లా కేంద్రములై అప్పటికి నాలుగు నెలలు. ఎకరమో రెండెకరములో అమ్మియో, ఉన్న పొలమును బ్యాంకులో కుదువబెట్టియో బిడ్డను అమెరికాకు పంపిన ఇండ్లు ఈ మూడు జిల్లాలలో తక్కువేమియు కావు. ఆ ఇండ్లలోని తల్లిదండ్రులకు అటువంటి వార్త విన్నప్పుడెల్ల కలుగు ప్రశ్న ఒక్కటే: అచ్చట మా బిడ్డకు దిక్కెవ్వరు?

ఆ రాత్రి దిక్కై నిలిచినవాడు ఇయాన్ గ్రిల్లట్ అను 24 ఏండ్ల తెల్లజాతి యువకుడు. శ్రీనివాస్ అతనికి బంధువు కాడు, సహోద్యోగి కాడు. తూటాల చప్పుడు వినబడుచుండగా బల్ల క్రింద దాగి, ఒక్కొక్క గుండును లెక్కపెట్టుకొని, తుపాకి ఖాళీ అయినదని తలంచి, పారిపోవువానిని పట్టుటకు వెంబడించెను. లెక్క తప్పినది. ఒక్క గుండు అతని చేతిని చీల్చి రొమ్ములోనికి దూరెను. ఆసుపత్రి మంచము మీదినుండి అతడు చెప్పినదంతయు, ఎవరు ఎచ్చటినుండి వచ్చిరన్నది ముఖ్యము కాదు, అందరమును మనుష్యులమే అన్నంత సాదా మాట. తనను చూడవచ్చిన అలోక్‌కు అయిదు నెలల గర్భవతియగు భార్య కలదని తెలిసినప్పుడు అతడు పొందిన సంతోషమును ప్రపంచము టెలివిజనులో చూచినది. హ్యూస్టనులోని ఇండియా హౌస్ వారు అతడు ఇల్లు కొనుక్కొనుటకై 1,00,000 డాలర్లు సమకూర్చిరి.

అయితే తోడు నిలుచుట యనగా తుపాకికి ఎదురేగుటయే కానక్కరలేదు. సుమారు 70 మైళ్ళ దూరమున, మిస్సోరీ రాష్ట్రములోని క్లింటన్ పట్టణమునకు పారిపోయి, ఇద్దరు ఇరానీయులను కాల్చితినని ప్యూరింటన్ చెప్పుకొనగా, ఆ మాట విన్న అచ్చటి బారు పరిచారిక పోలీసులకు ఫోను చేసెను. ఆ ఒక్క ఫోనుతోనే వాడు పట్టుబడెను; 2018లో కోర్టులు వానికి యావజ్జీవ శిక్షలు విధించినవి. ఇచ్చట ఒక మాట చెప్పవలెను. పరదేశములో తెలుగువాడు మరణించిన ప్రతిసారియు జాతివిద్వేషమని చాటుట న్యాయము కాదు. 2018 జూలైలో కాన్సస్ సిటీలో ఒక హోటలులో మన వరంగల్లు యువకుడు హతుడైనది దోపిడి యత్నములో. విద్వేషమును విద్వేషమని, దోపిడిని దోపిడియని వేరుచేసి చెప్పినప్పుడే మన మాటకు విలువ.

ప్యూరింటన్ కంటికి తెలుగువాడు ఇరానీయుడుగా కనబడెను. 1982లో డెట్రాయిట్ ప్రాంతమున జపాను కార్ల వలన తమ ఉద్యోగములు పోవుచున్నవని మండిపడిన ఇద్దరు చావమోదిన విన్సెంట్ చిన్ జపానువాడు కాడు, చైనా సంతతివాడు. హంతకులకు జైలు లేదు, 3,000 డాలర్ల జుల్మానా, ప్రొబేషను మాత్రమే పడెను. 2021 మార్చి 16న అట్లాంటా ప్రాంతములో తుపాకి కాల్పులకు హతులైన ఎనమండ్రలో ఆరుగురు ఆసియా స్త్రీలు. ద్వేషించువాడు పాస్‌పోర్టు చూచి ద్వేషింపడు. కావున చైనావాని నెవరో తిట్టుచున్నారు, మనకేమి అని ముఖము త్రిప్పుకొను తెలుగు విద్యార్థి తన వంతు వచ్చువరకు వేచియున్నాడన్నమాట. మన పిల్లలకు ఆ దేశపు తలుపు తెరచిన 1965 నాటి వలస చట్టమునకు వెనుక నల్లజాతివారు వీధులలో దెబ్బలు తిని సాగించిన పౌరహక్కుల ఉద్యమ బలము కలదు. ఆ ఋణమును మన సంఘములు ఉగాది వేదికలపైన నైన తలచుకొనుట నేను అరుదుగా విన్నాను.

ఒరుల కష్టమును తన కష్టముగా నెత్తికెత్తుకొనుట మన నేలకు క్రొత్త కాదు. జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో నుండిన కాలమున, పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు చేసిన నాలుగెకరముల పంటను విసునూరు దేశముఖు మనుష్యులు కాజేయ వచ్చినప్పుడు, ఆ పంటను కోసి ఆమె ఇల్లు చేర్చినవారు ఆంధ్ర మహాసభ కార్యకర్తలు. వారిలో భీమిరెడ్డి నరసింహారెడ్డి వంటి, స్వంత భూములు గల కుటుంబములవారు నుండిరి. దొర కన్ను వారి చేలపై పడలేదు, అయినను వచ్చిరి.

ఇక నేటి మాట. భూపాలపల్లి, మహబూబాబాదు ప్రాంతముల మిరపతోటలలో కాయ ఏరుటకు ఏటేట ఛత్తీస్‌గఢ్ నుండి కూలీలు వత్తురు. ముక్కుకు గుడ్డ కట్టుకొని, సాళ్ళ నడుమ పొద్దంతయు వంగి కాయ త్రుంచి, మండుచున్న వ్రేళ్ళతోనే చేని గట్టున టార్పాలిన్ క్రింద బియ్యము వండుకొందురు. మావోయిస్టులకు వ్యతిరేకముగా సల్వాజుడుం అను దళములు 2005లో ఆరంభమైన పిదప, ప్రాణములు అరచేత బట్టుకొని దంతెవాడ, బీజాపూరు అడవులు విడిచి వచ్చి, ఇచ్చటి అడవులలోనే నిలిచిపోయిన గుత్తికోయ ఆదివాసులు వేరొక వర్గము. ఒలేథాలో శ్రీనివాస్ కూలిన ఆ 2017లోనే, సెప్టెంబరు నెలలో, నాటి భూపాలపల్లి జిల్లా తాడ్వాయి అడవిలోని జలగలంచలో అటవీ అధికారులు వారి గుడిసెలను కూల్పించిరి. స్త్రీలను చెట్లకు కట్టివేసిన ఫోటోలు పత్రికలలో వచ్చినవి. అడవిని కాచుట అధికారుల విధియే. కాని చెట్టును కాచుటకు మనిషిని చెట్టుకు కట్టనక్కరలేదు. వీరు మనవారు కారు, వచ్చినచోటికే పోవలెనను మాట మన నోటనుండి వచ్చినప్పుడు అది ఒలేథా బారులో వినబడిన మాటకంటె ఎట్లు భిన్నమో నాకు తెలియకున్నది. 2020లో కరోనా దినములలో ఈశాన్య రాష్ట్రములవారిని వారి ముఖరూపమును బట్టి వేధింపవలదని కేంద్ర హోం శాఖ రాష్ట్రములన్నిటికి లేఖ వ్రాయవలసి వచ్చెను. అప్పుడే హైదరాబాదు వనస్థలిపురములో ఒక సూపర్ మార్కెట్టువారు ఈశాన్యపు యువకులను లోనికి రానీయలేదు.

బస్సులో ఎవనినైన నీ ఊరికి పొమ్మని గద్దించుచున్నప్పుడు వాని ప్రక్క సీటులో పోయి కూర్చుండుడు. కూలి ఎగవేసినచోట సాక్ష్యము చెప్పుడు. భాష రానివానికి ఆసుపత్రి చీటీ వ్రాయించి ఇండు. అమెరికాలోని మీ బిడ్డకు ఈ ఆదివారము ఫోను చేసి, తిన్నావా, ఆరోగ్యమా అని అడిగిన పిమ్మట, నీ తరగతిలోని చైనా పిల్లను ఎవరైన అవమానించిన నీవేమి చేయుదువని కూడ అడుగుడు. మన తోటలో మిరపకాయ ఏరు కూలీలకు మీరేమి చేసితిరని ఆ బిడ్డ తిరిగి అడిగినచో, చెప్పుటకు ఒక్క పనియైన చేసి యుంచుకొనుడు.