జీవసాంకేతిక విద్యకు ఉపకారవేతనము : మేయర్‌హాఫ్ పథకము

విద్యార్థికి అన్నము పెట్టి చదివించుట తెలుగువారికి క్రొత్తగా నేర్పవలసిన ధర్మము కాదు. వారములు చేసికొని చదువుకొన్నవారును, సత్రములలో భోజనము చేసి పట్టభద్రులైనవారును ప్రతి పట్టణమున నుండిరి. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1922లో అమెరికాలోని బోస్టను నగరమునకు చేరగలుగుటకు రెండు ఆధారములు తోడ్పడినవి. మొదటిది కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ ఇచ్చిన హామీ. రెండవది మామగారు సమకూర్చిన ధనము. సత్యలింగ నాయకరుగారు రంగూనులో ఆర్జించి, ఆ ఆర్జనను స్వదేశమున ధర్మకార్యములకు వినియోగించిన మహనీయులు. దూరదేశమున స్థిరపడిన తెలుగువాని సంపాదన మరియొక తెలుగువాని విజ్ఞానమునకు ఆధారమైన ఉదాహరణ మిది.

అయినను బోస్టను చేరిన పిదప సుబ్బారావుగారు ఆసుపత్రిలో రాత్రివేళ సేవకవృత్తి చేసికొనుచు చదువుకొనవలసి వచ్చెను. ఆ కష్టమును దాటి, ఫోలిక్ ఆమ్లము, ఆరియోమైసిన్, మెథోట్రెక్సేట్ మున్నగు ఔషధముల చరిత్రలో శాశ్వతముగా నిలిచిరి. అంతటి మనోబలము కలవారు అరుదు. విద్యార్థిని వాకిటివరకు చేర్చు సాయము ఒకటి. లోపలికి కొనిపోయి కూర్చుండబెట్టు సాయము మరియొకటి. ఈ రెండవ విధమైన సాయమును ఎట్లు చేయవలెనో తెలిసికొనుటకు మేయర్‌హాఫ్ పథకము మంచి నిదర్శనము.

జీవకణములను, సూక్ష్మజీవులను, వానియందలి జన్యుపదార్థమును సాధనములుగా గైకొని మందులను, టీకాలను, మేలైన విత్తనములను తయారుచేయు విద్యకు బయోటెక్నాలజీ, అనగా జీవసాంకేతిక శాస్త్రము, అని పేరు. ఇది పుస్తకపఠనము వలన మాత్రమే పట్టువడు విద్య కాదు. మిల్లీలీటరులో వేయవ వంతైన మైక్రోలీటరు ద్రవమును తప్పులేక కొలుచుట, కణములను వారముల తరబడి బూజు సోకనీయక పెంచుట, ప్రయోగము విఫలమైనప్పుడు లోపము రసాయనములో నున్నదో, చేతిపనిలో నున్నదో, మూలమైన ఊహలోనే యున్నదో విచారించుట, ఇవి యన్నియు ప్రయోగశాలలో అనుభవజ్ఞుల సరసన నిలిచి నేర్వవలసినవి. అంతకు ముందుగా గణితము, రసాయనము, భౌతికము అను మూడు గడపలు దాటవలెను. కళాశాలలో మొదటి రెండు సంవత్సరములలోనే పెక్కుమంది ఆ గడపలయొద్ద ఆగిపోవుదురు. రుసుము చెల్లించినంత మాత్రమున ఈ ఆటంకము తొలగదు.

అమెరికాలో బాల్టిమోర్ నగర సమీపమున మేరీలాండ్ విశ్వవిద్యాలయమునకు చెందిన బాల్టిమోర్ కౌంటీ శాఖ కలదు. 1966లో తరగతులు ప్రారంభించిన ఈ సంస్థలో ఫ్రీమన్ హ్రబౌస్కీగారు 1987లో అధికారిగా చేరిరి. వీరు 1950లో అలబామా రాష్ట్రములోని బర్మింగ్‌హామ్ పట్టణమున నల్లజాతి కుటుంబములో జన్మించిరి. 1963లో పౌరహక్కులకై బాలబాలికలు జరిపిన ఊరేగింపులో పాల్గొని, పండ్రెండేండ్ల ప్రాయముననే చెరసాల చూచిరి. తరువాత గణితము చదివి విద్యారంగమున ప్రవేశించిరి. తమ విశ్వవిద్యాలయమున నల్లజాతి విద్యార్థులలో విజ్ఞానశాస్త్రములందు రాణించువారు మిక్కిలి తక్కువగా నుండుట వారిని కలతపెట్టెను. 1988లో రాబర్ట్, జేన్ మేయర్‌హాఫ్ దంపతులు ఒసగిన విరాళముతో వారి పేరిట ఉపకారవేతన పథకము వెలసెను. 1989లో 19 మంది నల్లజాతి యువకులతో మొదటి జట్టు ఏర్పడెను. 1990లో యువతులకును ప్రవేశము లభించెను.

ఈ పథకమునకు పూర్వమే, 1970ల చివర, బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున యూరీ ట్రైస్‌మన్ అను గణితవేత్త ఒక విశేషమును గమనించియుండిరి. కలన గణితము చదువు చైనా సంతతి విద్యార్థులు కలిసి కూర్చుండి లెక్కలు చేయుచు, ఒకరి తప్పులను ఒకరు దిద్దుకొనుచుండిరి. నల్లజాతి విద్యార్థులలో పెక్కురు, తెలివిగలవారు సైతము, ఎవరికి వారు గదిలో కూర్చుండి చదువుచుండిరి. తప్పెచ్చట జరుగుచున్నదో చెప్పువారు లేక వెనుకబడుచుండిరి. బుద్ధికిని శ్రద్ధకును కొరత లేకున్నను ఒంటరితనము వారిని దెబ్బతీసెను.

మేయర్‌హాఫ్ పథకమున ఆ ఒంటరితనమునకు చోటు లేదు. ఎంపికయందు మార్కులతోపాటు శాస్త్రముపై గల ఆసక్తిని కూడ పరిశీలింతురు. తల్లిదండ్రులను సైతము పిలిపించి మాటాడుదురు. ఎంపికైనవారిని కళాశాల తెరవకముందే వేసవిలో ఆరు వారములు ఒకచోట నుంచి పాఠములు చెప్పుదురు. జట్టులో ఒకరు వెనుకబడిన అది అందరి బాధ్యత అను నీతి అచ్చటనే అలవడును. తరువాతి సంవత్సరములలో కూడి చదువుకొనుట వారికి నిత్యాచారమగును. సగటున 'బి' శ్రేణి నిలుపుకొన్నవారికే వేతనము సాగును. పునాదియైన పాఠములో 'సి' శ్రేణి వచ్చినవారిని, ఉత్తీర్ణులైనను, ఆ పాఠమును మరల చదువుమని ప్రోత్సహింతురు. పునాది వదులైన గోడపై మేడ కట్టరాదు గదా!

ఇక పరిశోధన సంగతి. వేసవి సెలవులందును, చదువు సాగు కాలమందును విద్యార్థులు ప్రయోగశాలలలో పనిచేయుదురు. ఎయిడ్సు వ్యాధికి మూలమైన వైరసు నిర్మాణమును శోధించిన మైకేల్ సమ్మర్స్ వంటి ఆచార్యులు డిగ్రీ విద్యార్థులను తమ ప్రయోగశాలలో చేర్చుకొని తర్ఫీదు నిచ్చిరి. మొదటినుండియు డాక్టరేటునే గమ్యముగా చూపుదురు. ప్రతి విద్యార్థికిని మంచిచెడ్డలు విచారించు సలహాదారులు కలరు. ధనసాయము ఈ ఏర్పాటులన్నిటిలో ఒక భాగము మాత్రమే.

ఈ పథకపు ఫలితమును కొలుచుటకు ఒక చక్కని మార్గము దొరకినది. ఎంపిక పొందియు, ఈ పథకమున చేరక ఇతర విశ్వవిద్యాలయములకు వెడలిపోయిన విద్యార్థులు కలరు. ప్రతిభలో వారును వీరును ఇంచుమించు సమానులే. అట్టివారితో పోల్చిచూడగా, పథకమున చదివినవారు శాస్త్రసాంకేతిక విషయములలో పరిశోధన విద్యకు చేరుట సుమారు ఐదు రెట్లు ఎక్కువగా నున్నదని పరిశీలకులు తేల్చిరి. తేడా పుట్టుకతో వచ్చిన తెలివి వలన గాక పెంపకము వలన కలిగినదని దీనివలన స్పష్టము.

ఈ జట్టులనుండి వచ్చినవారిలో కిజ్మేకియా కార్బెట్‌గారు ఒకరు. వీరు 2008లో పట్టభద్రులై, 2014లో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొంది, అమెరికా ప్రభుత్వపు టీకా పరిశోధన కేంద్రమున కరోనా వైరసులను గూర్చి శోధించిరి. 2020 జనవరిలో క్రొత్త కరోనా వైరసు జన్యుక్రమము లోకమునకు వెల్లడి కాగా, వీరి బృందము మోడర్నా సంస్థతో కలిసి రూపొందించిన టీకాకు మార్చి 16వ తేదీననే మనుష్యులపై తొలి పరీక్ష మొదలయ్యెను. రెండు మాసములలో జరిగినట్లు తోచు ఈ కార్యమునకు వెనుక అనేక సంవత్సరముల పరిశోధన కలదు. ఆ పరిశోధకురాలి వెనుక, యౌవనారంభముననే ఆమెకు ప్రయోగశాల తలుపు తెరిచిన పెద్దలు కలరు.

అదే రాష్ట్రమున కాలేజ్ పార్క్ శాఖలో నల్లజాతివారికే పరిమితమైన వేరొక వేతనము చెల్లదని 1994లో అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పెను. తదనంతరము 1996లో మేయర్‌హాఫ్ పథకమును అన్ని జాతులవారికి తెరిచిరి. ప్రవేశము విస్తరించినను పద్ధతి మారలేదు. ఒక సమర్థుడైన నాయకుని వలననే ఇది సాగుచున్నదేమో యను సందేహము కొందరికి కలుగుట సహజము. 2013లో పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయమును, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయమును ఇదే మాదిరిపై పథకములు ప్రారంభించి సత్ఫలితములు పొందుటతో ఆ సందేహము తీరెను. ఇందు శ్రమ లేకపోలేదు. ధనముకంటె దుర్లభమైన ఆచార్యుల కాలమును ఈ పద్ధతి కోరును; ఒకేసారి వేలమందికి దీనిని విస్తరింపజేయుట కష్టము.

పరరాష్ట్రములలో స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఈ పాఠము చాల దగ్గరిది. కోలారు, హోసూరు, బరంపురము, షోలాపురము వంటి చోట్ల పెరిగిన బాలునకు ఇంట తెలుగు, వీధిలో వేరొక భాష, కళాశాలలో ఇంగ్లీషు. యానాము విద్యార్థికి ఇంటను వీధిని తెలుగే యైనను, పేరొందిన పరిశోధనశాలలు గల నగరము దూరము. ఇంటిలో మొదటిసారిగా డిగ్రీ చదువు విద్యార్థి తన సందేహమును ఎవరి నడుగవలెనో తెలియక మౌనము వహించును. అట్టివానికి సభలో శాలువ కప్పి చెక్కు నిచ్చి పంపివేసినచో పుణ్యము దక్కవచ్చును గాని శాస్త్రజ్ఞుడు తయారుకాడు.

సంఘములు పెద్ద మొత్తములు సమకూర్పలేకపోవచ్చును. కాని వేతనము పొందిన ఐదారుగురిని ఒక జట్టుగా కలిపి, వారానికొకసారి కూడి చదువునట్లు చేయుటకు ఖర్చు స్వల్పము. ప్రతి జట్టునకు పరిశోధన విద్య చదివిన అన్ననో అక్కనో తోడుంచవచ్చును. బెంగుళూరు, హైదరాబాదు, పూనా నగరముల ప్రయోగశాలలలో పనిచేయు తెలుగువారిని వేసవి శిక్షణకై అడుగవచ్చును. మన దేశపు విజ్ఞాన అకాడమీలు విద్యార్థులకై నెలకొల్పిన వేసవి పరిశోధన వేతనములను గూర్చి సకాలమున తెలియజేయవచ్చును. తల్లిదండ్రులను కూర్చుండబెట్టి, ఈ విద్యకు పట్టముతోనే ముగింపు లేదనియు, ఫలమునకు కొన్ని సంవత్సరములు ఓపిక పట్టవలెననియు చెప్పవచ్చును.

ఇచ్చిన వేతనములను లెక్కించుటతోపాటు, ఐదు సంవత్సరముల తరువాత ఆ విద్యార్థి ఎచ్చట నున్నాడని విచారించు ఆచారము ప్రతి సంఘమునకు అవసరము. ఆ ప్రశ్నకు సమాధానము వ్రాసి యుంచుకొను సంఘమే తన దానము ఫలించినదో లేదో ఎరుగగలదు.