ఇనుముపై త్రుప్పు: రంగు వేయుటకు ముందు చేయవలసిన పని

సికింద్రాబాదు నుండి కాజీపేట పోవు రైలుమార్గముపై ఉన్న ఆలేరులోనైనను, మన మరే ఊరిలోనైనను బడి గేటు, కిటికీ ఊచలు, నీళ్ళ ట్యాంకు నిచ్చెన సాధారణముగా ఇనుపవే. వేసవి సెలవులలో వాటికి రంగు వేయుదురు. ఒకటి రెండు వానకాలములు గడచునప్పటికి రంగు బొబ్బలెక్కి, పెచ్చులూడి, క్రింద ఎఱ్ఱని పొడి కనిపించును. రంగు మంచిది కాదని మనము అందుము. కాని తరచుగా దోషము రంగులో లేదు. దాని క్రింద మిగిలిన త్రుప్పులో ఉన్నది.

ఇనుము, గాలిలోని ఆమ్లజని, నీరు కలిసినపుడు త్రుప్పు ఏర్పడును. ఆమ్లజని గాని, నీరు గాని లేనిచో ఏర్పడదు. దీనిని తరగతిలో చూపవచ్చును. మూడు పరీక్షనాళికలలో పూత లేని మేకులు వేయవలెను. మొదటిదానిలో కొంచెము నీరు పోసి తెరచి ఉంచవలెను. రెండవదానిలో బాగుగా కాచిన నీరు పోసి, పైన నూనె పొర నిలుపవలెను. మూడవదానిలో కాల్షియం క్లోరైడు పలుకులు వేసి బిరడా బిగించవలెను. వారము తరువాత మొదటి నాళికలోని మేకు మాత్రమే త్రుప్పు పట్టియుండును.

అల్యూమినియంపై ఏర్పడు ఆక్సైడు పొర లోహమును గట్టిగా అంటుకొని కాపాడును. త్రుప్పు అట్టిది కాదు. అది గుల్లగా ఉండి తేమను నిలుపుకొనును. తాను పుట్టిన ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును. అందుచేత దానిపై వేసిన రంగును లోపలినుండి పైకి నెట్టివేయును.

కనుక మొదట సబ్బునీటితో జిడ్డు కడిగి ఆరబెట్టవలెను. పిదప ఊడు పెచ్చులను గీకి, తీగ బ్రష్షుతోను, ఎమరీ కాగితముతోను ఇనుము కనబడువరకు రుద్దవలెను. ఒక హెచ్చరిక: పాత రంగులలో సీసము ఉండవచ్చును. ఇండ్లలో వాడు రంగులలో సీసము పదిలక్షలకు 90 పాళ్ళు మించరాదను నిబంధన మన దేశములో 2017 నవంబరులో అమలులోనికి వచ్చినది. అంతకు పూర్వపు రంగును పొడిగా గీకరాదు. తడిపి గీకి, ఆ చెత్తను పిల్లలకు అందకుండ తీసివేయవలెను.

గుంటలలో మిగిలిన పలుచని త్రుప్పుకు ఫాస్ఫారికామ్లము గల మందు పూయుదురు. అది త్రుప్పును నీటిలో కరగని ఇనుప ఫాస్ఫేటుగా మార్చును. పదునారు వందల ఏండ్లుగా నిలిచిన ఢిల్లీ ఇనుప స్తంభమును కాపాడుటలో కూడ ఇట్టి ఫాస్ఫేటు పొరకు ముఖ్యపాత్ర కలదని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. టానిన్లు గల మందులు త్రుప్పును నల్లని పదార్థముగా మార్చును. కరక్కాయలోను, మన తంగేడు బెరడులోను టానిన్లు ఉన్నవి. కరక్కాయ కషాయములో అన్నభేది కలిపి పూర్వులు సిరా చేసినది ఈ గుణమువలననే. ఆమ్లపు మందులను చేతి తొడుగులు, కండ్లద్దాలు ధరించి పెద్దలే వాడవలెను. హైడ్రోక్లోరికామ్లము త్రుప్పును త్వరగా తీయును గాని, దాని శేషము మిగిలినచో త్రుప్పు మరల వచ్చును.

శుభ్రపరచిన ఇనుముకు ఆ రోజే జింకు ఫాస్ఫేటు ప్రైమరు పూసి, ఆరిన పిదప రెండు పూతలు రంగు వేయవలెను. ఆలేరు ప్రాంతపు మధ్యాహ్నపు ఎండలో ఇనుము కాలుచుండును గనుక, ఉదయమే పని ముగించుట మేలు. తొలకరికి ముందే ఈ శ్రమ పడవలెను. త్రుప్పు తిని సన్నబడిన ఊచకు ఏ రంగును బలము తిరిగి ఈయజాలదు.