తుమ్మపూడి కుర్రాడు, కులూ లోయ పెద్దాయన: ముక్కూమొహం తెలియని స్నేహాలు

"మా ఊళ్లో నేను వేసిన బొమ్మ చూసేవాళ్లే లేరు, సిటీకి పోతే తప్ప లాభం లేదు" అనుకునేవాళ్లు మనలో చాలామందే ఉంటారు. వాళ్ల కోసమే ఈ ఎపిసోడ్. ఒక మనిషి గురించి చెప్తాను, వినండి.

పేరు సంజీవదేవ్, ఇంటిపేరు సూర్యదేవర. గుంటూరు జిల్లా దుగ్గిరాల దగ్గర తుమ్మపూడిలో 1914లో పుట్టారు, 1999లో పోయారు. పెద్ద డిగ్రీలేం లేవు, చదువు చాలావరకు సొంతంగా చదువుకున్నదే. అయినా చిత్రకళ గురించి, అందం గురించి తెలుగులో ఆయనంత ఇష్టంగా రాసినవాళ్లు తక్కువ. మరి ఇదెలా కుదిరింది?

కుర్రతనంలో హిమాలయాల బాట పట్టారు. అలా తిరుగుతూ కులూ లోయలో నగ్గర్ అనే ఊళ్లో ఒక రష్యన్ పెద్దాయనకి అతిథి అయ్యారు. ఆయనే నికొలస్ రోరిక్. 1874లో పుట్టినాయన, అంటే మనవాడికన్నా 40 ఏళ్లు పెద్ద. 1913లో పారిస్‌ని గోలగోల చేసిన స్ట్రావిన్‌స్కీ బాలే 'ది రైట్ ఆఫ్ స్ప్రింగ్'కి సెట్లు, డ్రెస్సులు డిజైన్ చేసింది ఈయనే. అలాంటాయన డెల్టా పల్లెటూరి కుర్రాడితో కూర్చుని మాట్లాడాడు! (మధ్యలో ఒక మాట: రోరిక్ చిన్నబ్బాయి స్వెతొస్లావ్ పెళ్లి చేసుకుంది సినిమా తార దేవికారాణిని. ఆవిడ పుట్టింది మన వాల్తేరులో.)

రోరిక్ 1928 నుంచి 1947లో చనిపోయేదాకా నగ్గర్‌లోనే ఉన్నారు. వేసిందేమో మళ్లీ మళ్లీ ఆ కొండలే. బోరు కొట్టదా అంటారా? కొంచెం ఆగండి. దూరపు కొండ నీలంగా ఎందుకుంటుంది? మనకీ కొండకీ మధ్య ఉన్న గాలి నీలి వెలుతుర్ని ఎక్కువగా చెదరగొడుతుంది కాబట్టి. అందుకే వరసగా కొండలుంటే దగ్గరది ముదురుగా, దాని వెనకది నీలంగా, ఆ వెనకది ఇంకా పలచగా, చివరిది ఆకాశంలో కలిసిపోయినట్టుగా ఉంటాయి. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడుతుంది. ఎక్కువ గాలి దాటి రావాలి, నీలం దారిలోనే చెదిరిపోతుంది, మంచు మీదికి ఎరుపే చేరుతుంది. అంటే పొద్దున చూసిన కొండ సాయంత్రానికి వేరే కొండ. మన ఫోన్ కెమెరా ఆటోలో ఉంటే ఈ రంగుల్ని తనకి తోచినట్టు సర్దేస్తుంది. "కంటికి కనిపించినట్టు రాలేదే" అని మనకి అనిపించేది చాలాసార్లు అందుకే. ఒక్కరోజు ఫోటో తీయకుండా పది నిమిషాలు ఊరికే చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

తర్వాత సంజీవదేవ్ తుమ్మపూడికే వచ్చేశారు. అక్కడ మంచు కొండలెక్కడివి? వరిచేలు, కాలవలు, తాడిచెట్లు. అక్కడే కూర్చుని ప్రకృతి దృశ్యాలు పాస్టెల్స్‌తో వేశారు, వ్యాసాలు రాశారు, ఇంకా ఉత్తరాలు రాశారు. మామూలుగా కాదు, గుట్టలుగా! రచయితలకి, చిత్రకారులకి, ఇక్కడివాళ్లకి, బయటి దేశాలవాళ్లకి. తర్వాత ఆ ఉత్తరాలు పుస్తకాలుగా కూడా వచ్చాయి.

నాకు నచ్చేది ఇక్కడే. "హాయ్ బ్రో, ఫాలో బ్యాక్" అని మెసేజ్ పెడితే ఎవరు పలుకుతారు చెప్పండి? అదే, "మీ బొమ్మలో ఆ చెట్టు నీడ ఊదారంగులో ఎందుకు వేశారు?" అని అడిగి చూడండి. పని చేసుకునే మనిషికి తన పనిని నిజంగా చూసినవాడంటే ముచ్చట. జవాబు నెలకి రావచ్చు, అసలు రాకపోనూవచ్చు. రాకపోతే ఇంకొకరికి రాయండి. అవతలివాళ్లు డబ్బులో, ఓటీపీనో అడిగారా, మొహమాటం లేకుండా బ్లాక్ కొట్టేయండి. మొదటిసారి కలవాలంటే నలుగురు తిరిగే చోటే కలవండి, ఇంట్లో చెప్పి వెళ్లండి.

ఆయన జీవితం ఆయన మాటల్లోనే చదవాలంటే 'తెగిన జ్ఞాపకాలు'తో మొదలుపెట్టండి. పాస్టెల్ రంగులు ఎలాంటివి కొనాలి, ఏ కాగితం మీద వేయాలి అన్నది వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఉంటాను మరి!