వరుసగా చదివితే వచ్చే ఇబ్బంది

డిసెంబరు 31 అర్ధరాత్రి ఆరాధన ముగిసే వేళకి తెలుగునాట చాలా చర్చిల్లో ఒక పళ్లెమో బుట్టో వరుసల మధ్య తిరుగుతుంది. అందులో చిన్న చిన్న కార్డులుంటాయి. కళ్లు మూసుకుని ప్రార్థించి తలా ఒకటి తీసుకుంటారు. దాని మీద అచ్చయిన బైబిలు వచనమే ఆ ఏటికి ఆ ఇంటి వాగ్దానం. కొందరు దాన్ని బైబిల్లో దాచుకుంటారు, కొందరు ఫ్రేము కట్టించి గోడకి తగిలిస్తారు. ఏడాది పొడుగునా రోజుకో వచనం చూపించే క్యాలెండర్లు, ఫోన్ యాప్‌లు, తెల్లారేసరికి వచ్చిపడే వాట్సాప్ సందేశాలు దీనికి తోడు. ఈ వచనాల్లో ఆశీర్వాదం ఉంటుంది, స్వస్థత ఉంటుంది, భయపడవద్దన్న ధైర్యం ఉంటుంది. మనిషిని నిలదీసే వచనం మాత్రం ఎప్పుడో తప్ప కనబడదు. దీన్ని ఎగతాళి చెయ్యడం తేలికే గాని న్యాయం కాదు. అప్పుల్లోనో ఆస్పత్రి వరండాలోనో ఉన్నవాడికి పట్టుకోవడానికి ఒక మాట దొరకడం చిన్న సంగతేమీ కాదు. అయినా క్రైస్తవ విశ్వాసం ఆదివారం దాటి సోమవారంలోకి రావాలని కోరుకునేవారు ఒక ప్రశ్న వేసుకోక తప్పదు. రోజూ ధ్యానించే ఆ వాక్యాన్ని ఎవరు ఎంచుతున్నారు? మన కోరికలే ఎంచితే అది మన కోరికల్నే తిరిగి మనకి వినిపిస్తుంది. పుస్తకంలోని వరుసకి లోబడి చదివితే మనకి నచ్చనిదీ వస్తుంది. ధ్యానం నడవడికలోకి దిగేది ఈ రెండో దారినే అని నా వాదన.

వాగ్దానాల కార్డుల మీద బాగా కనబడే యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనాన్నే చూడండి. మీ విషయంలో నా ఉద్దేశాలు మేలు చేసేవే, మీకు మంచి భవిష్యత్తు ఉంది అని దేవుడు చెప్పే మాట అది. నిజానికి అది ఒక ఉత్తరంలోని వాక్యం. బబులోను రాజు యెరూషలేము నుంచి చెరపట్టుకుపోయిన యూదులకి యిర్మీయా ప్రవక్త రాసి పంపిన ఉత్తరం. దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే మరో ప్రవక్త కనిపిస్తాడు. రెండేళ్లలో అంతా సర్దుకుంటుంది, చెర తొలగిపోతుంది అని అతను జనం ముందు ప్రకటించాడు. వినడానికి ఎంత హాయిగా ఉందో! యిర్మీయా ఆ మాటని ఖండించి, పట్టేది డెబ్భై ఏళ్లు అన్నాడు. అంటే ఉత్తరం అందుకున్న పెద్దవాళ్లలో చాలామంది ఆ మంచి భవిష్యత్తుని కళ్లజూడరు. మరి ఈలోపు ఏం చెయ్యాలి? ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లల పెళ్లిళ్లు చెయ్యండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ నగరం క్షేమం కోసమే పాటుపడండి, దాని కోసం ప్రార్థించండి అని ఏడో వచనం దాకా చెబుతూ వస్తాడు. పదకొండో వచనాన్ని కత్తిరించి కార్డు మీద వేస్తే ఈ శత్రునగరపు క్షేమం గొడవంతా రాలిపోతుంది. మిగిలిన మాట యిర్మీయా పేరుతోనే ఉంటుంది గాని, వినబడే గొంతు హనన్యాది. అధ్యాయం మొత్తం చదివినవాడికి ఆ రోజు ఒక పని పడుతుంది. తనకి గిట్టని ఊరికి, గిట్టని పొరుగువాడికి, తనని తక్కువగా చూసిన ఆఫీసుకి తాను చెయ్యగల మేలేమిటో ఆలోచించాల్సి వస్తుంది.

ఎంపిక ఎంత దూరం పోగలదో చరిత్రలో ఒక పుస్తకం చూపిస్తుంది. బ్రిటిష్ వెస్టిండీస్ దీవుల్లోని నీగ్రో బానిసల కోసమని ప్రత్యేకంగా ఏర్చిన బైబిలు భాగాల్ని 1807లో లండన్‌లో అచ్చువేశారు. పాతనిబంధనలో సుమారు తొంభై శాతం, కొత్త నిబంధనలో సుమారు సగం అందులో లేవు. ఐగుప్తు దాస్యం నుంచి ఇశ్రాయేలీయులు విడుదల పొందిన కథ లేదు. క్రీస్తులో దాసుడని, స్వతంత్రుడని భేదం లేదని పౌలు గలతీయులకి రాసిన మాట లేదు. దాసులు యజమానులకి లోబడాలన్న భాగం మాత్రం పదిలంగా ఉంది. ఆ పుస్తకంలో ఉన్న ప్రతి వాక్యమూ బైబిలు వాక్యమే. అబద్ధమంతా తీసెయ్యడంలో ఉంది. మన వాగ్దానాల బుట్టని దీని పక్కన పెట్టడం అతి అనిపించవచ్చు. ఉద్దేశాల్లో పోలికే లేదు, నిజమే. పద్ధతిలో మాత్రం ఉంది. అక్కడ యజమానుల లాభానికి తగ్గట్టు దాసుడి బైబిల్ని కత్తిరించారు, ఇక్కడ మన సుఖం కోసం మన బైబిల్ని మనమే కత్తిరించుకుంటున్నాం.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. రోజుకో వచనం అన్న పద్ధతికి దాదాపు మూడు వందల ఏళ్ల గౌరవనీయమైన చరిత్ర ఉంది కదా అంటారు. ఉంది. జర్మనీలోని హెర్న్‌హూట్ గ్రామంలో మొరేవియన్ సహోదరుల సంఘానికి 1728 మే 3న దాని నాయకుడు కౌంట్ జిన్‌జెన్‌డార్ఫ్ ఒక వాక్యాన్ని మర్నాటి కోసం ఇచ్చాడు. ఆ తర్వాత ప్రతి ఉదయం ఇంటింటికీ వెళ్లి ఆ రోజు వాక్యాన్ని చెప్పేవారు. 1731లో మొదటిసారి ఏడాది మొత్తానికీ అచ్చువేశారు. అప్పటినుంచి ఆ పుస్తకం ఆగకుండా వస్తోంది, ఇప్పుడు యాభైకి పైగా భాషల్లో చదువుతున్నారు. పాతనిబంధన వచనాల్ని చీట్లు తీసే ఎంపిక చేస్తారు. ఇది మన బుట్టలాంటిదే కదా? ఒక పెద్ద తేడా ఉంది. ఆ చీటీ నా ఒక్కడి కోసం తీసినది కాదు, ఊరంతటికీ ఒకే వాక్యం. నా పొరుగువాడు కూడా దాన్ని విన్నాడు గనుక, సాయంత్రానికి నన్ను దాని గురించి అడగగలడు. అయినా దీన్ని వెయ్యి నోళ్ల పొగడనక్కర్లేదు. ఆ సంఘం 1732లో కరీబియన్‌లోని సెయింట్ థామస్ దీవి బానిసల మధ్యకి సువార్తికుల్ని పంపింది, గొప్ప త్యాగమే. కొన్నేళ్లకే అదే దీవిలో తోట కొని, దాంతోపాటు బానిసలకి యజమానీ అయింది. రోజువారీ వాక్యం వాళ్ల చేతిలో ఉండగానే ఇది జరిగింది.

ఈ దినవాక్యాల్ని జీవితాంతం ప్రేమించినవాడు జర్మన్ పాదిరి డీట్రిక్ బోన్‌హోఫర్. హిట్లర్ పాలనకి లొంగని పాదిరుల్ని తయారుచెయ్యడానికి 1935లో ఫింకెన్‌వాల్డె అనే చోట ఆయన నడిపిన శిక్షణాలయంలో రోజూ ఉదయం అరగంట మౌనధ్యానం ఉండేది. వారమంతా ఒకే భాగం మీద. విద్యార్థులు గొణిగారు, ఆ సమయంలో ఏం చెయ్యాలో తోచడం లేదన్నారు. ఇదేదో మఠాల వాసన కొడుతోందని ప్రసిద్ధ వేదాంతి కార్ల్ బార్త్‌కి అనుమానం వచ్చింది. 1937లో నాజీ రహస్య పోలీసు దళం గెస్టపో ఆ శిక్షణాలయాన్ని మూయించింది. అక్కడి అనుభవంతో రాసిన ‘లైఫ్ టుగెదర్’ పుస్తకంలో బోన్‌హోఫర్ ఒక మాట తేల్చి చెప్పాడు. దినవాక్యం ఎంత మంచిదైనా బైబిల్ని వరుసగా చదవడానికి అది బదులు కాదని. కుటుంబ ప్రార్థనలో పాతనిబంధన నుంచి ఒక అధ్యాయం, కొత్త నిబంధన నుంచి కనీసం అర అధ్యాయం చదవమన్నాడు. ఆయన్ని గురించి ఒక కథ ప్రసంగాల్లో తరచూ వినబడుతుంది. 1939లో ప్రాణభయం లేని అమెరికాలో ఉండగా, చలికాలం రాకముందే రమ్మని పౌలు తిమోతికి రాసిన వాక్యం కంటబడిందని, దాంతో జర్మనీకి తిరిగి బయలుదేరాడని. తేదీలు చూస్తే కథ తిరగబడుతుంది. అమెరికాలో ఉండిపోవడం కుదరదని ఆయన చెప్పేసింది జూన్ 20న, ఆ వాక్యం వచ్చింది జూన్ 26న. నిర్ణయం తీసుకున్నాకే వాక్యం వచ్చింది, వచ్చి రోజంతా ఆయన మనసులో మెదిలింది. ఒక చీటీ చేసిన అద్భుతం అని చెప్పుకోవడం మనకి ఇష్టం. ఏళ్ల తరబడి చదివిన చదువు ఒక మనిషిని ఎటు తిప్పిందో చెప్పుకోవడానికి ఓపిక కావాలి. 1945 ఏప్రిల్ 9న నాజీలు ఆయన్ని ఉరితీశారు.

మరి దుఃఖంలో ఉన్నవాడికి కూడా ఈ వరుస చదువేనా, ఓదార్పు వద్దా అని అడగవచ్చు. ఓదార్పు కూడా వరుసలోనే నిజాయితీగా దొరుకుతుందంటాను. 88వ కీర్తన తెరవండి. అది మొరతో మొదలై చీకట్లో ముగుస్తుంది. చివర్లో స్తుతి లేదు, అంతా బాగుపడుతుందన్న హామీ లేదు. ఏ వాగ్దానాల క్యాలెండరూ ఆ చివరి వచనాన్ని జనవరి ఒకటిన వెయ్యదు. బిడ్డని పోగొట్టుకున్న తల్లికి ‘అంతా మేలుకే’ అనే కార్డు అందితే అది పుండు మీద కారం. నా బాధలాంటి బాధని ఈ పుస్తకం దాచిపెట్టలేదు అన్న ఎరుక ఆమెకి 88వ కీర్తనలోనే దొరుకుతుంది. నూట యాభై కీర్తనల్లో మొరలు ఎన్నో ఉన్నాయి. ఏరుకుని చదివే అలవాటు వాటిని మన నుంచి దూరం చేసింది.

ఇంకో ఆక్షేపణ లోపలివాళ్ల నుంచే వస్తుంది. వరుసగా చదవడం మొక్కుబడిగా మారుతుంది, రోజు లెక్క పూర్తయిందా లేదా అన్నదే మిగులుతుంది అంటారు. ఏడాది పఠన ప్రణాళికల్లో పేరుపొందినదాన్ని 1842లో తయారుచేసిన స్కాట్లాండ్ పాదిరి రాబర్ట్ మర్రే మెక్‌చేనే ఈ ప్రమాదాల్ని తన ప్రణాళిక పక్కనే రాసిపెట్టాడు. ఆచారంగా మారడం, నేను చదివానన్న గర్వం, పరధ్యానం, మోయలేని బరువు. అంటే జబ్బు తెలిసే మందు ఇచ్చాడు. అంతకంటే ఇరకాటంలో పెట్టే ఉదాహరణ మార్టిన్ లూథర్‌ది. ప్రార్థన ఎలా చెయ్యాలని అడిగిన తన మంగలి పీటర్ కోసం ఆయన 1535లో ఒక చిన్న పుస్తకం రాశాడు. పది ఆజ్ఞల్లో ఒక్కొక్కదాన్నీ నాలుగు పోగులుగా విడదీసుకోమన్నాడు. ఇది నాకేం నేర్పుతోంది, దేనికి కృతజ్ఞత చెప్పాలి, ఏ తప్పు ఒప్పుకోవాలి, ఏం అడగాలి. ఆ ఏడాదే ఈస్టర్ సమయంలో పీటర్ తన అల్లుణ్ని కత్తితో పొడిచి చంపాడు. నరహత్య చేయవద్దన్న ఆజ్ఞ మీద ధ్యానం ఎలా చెయ్యాలో చెప్పే పుస్తకం తన పేరునే వెలువడిన మనిషి! లూథర్ అతని కోసం మాట్లాడాడు, మరణశిక్ష తప్పి దేశబహిష్కారం పడింది. పద్ధతి మనిషికి తాయెత్తు కాదని ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? పద్ధతి మంచిదే, ఆ నాలుగింటిలో మూడో పోగు దగ్గరే మనం తడబడతాం. తప్పు ఒప్పుకోవడం పేరు పెట్టి జరగాలి. ‘నేను పాపిని’ అని సాధారణంగా ఒప్పుకోవడానికి ఎవరికీ కష్టం ఉండదు. రోజూ రాత్రి కుటుంబ ప్రార్థన జరిగే ఇంట్లోనే కట్నం బేరం కూడా జరగడం తెలుగు క్రైస్తవులకి తెలియనిది కాదు. యూదులు కాని విశ్వాసులతో కలిసి భోంచేస్తున్న పేతురు, కొందరు చూస్తారని భయపడి వెనక్కి తగ్గితే, పౌలు అందరి ఎదుటా ముఖం మీదే తప్పు పట్టిన కథ గలతీయుల పత్రిక రెండో అధ్యాయంలో ఉంది. కులం చూసి సంబంధాలు కలుపుకునే సంఘంలో ఈ అధ్యాయం వరుసలో వచ్చిన రోజు ఎవరికో ఒకరికి గొంతులో పచ్చి వెలక్కాయ పడాలి. పడలేదంటే చదువు పెదవుల మీదే ఆగిపోయిందన్నమాట.

ఎవరికి వారు చదువుకుంటే ఎవరి అర్థం వారిదై పోదా? పోతుంది, అందుకే ఈ చదువు ఒంటరిగా సాగకూడదు. ఫిలేమోనుకి రాసిన పత్రిక ఒక్క అధ్యాయమే, ఇరవై అయిదు వచనాలు. పారిపోయిన దాసుడు ఒనేసిముని దాసుడిగా కాక ప్రియ సహోదరుడిగా చేర్చుకోమని యజమానికి పౌలు చేసిన విజ్ఞప్తి అది. ఆ ఉత్తరం ఫిలేమోను ఒక్కడి పేరునే లేదు. అతని ఇంట్లో కూడుకునే సంఘానికి కూడా రాశాడు. అంటే యజమాని ఆ మాట పదిమందిలో వినాలి, ఆ పదిమందీ తర్వాత ఏం జరిగిందో చూస్తారు. కతోలిక సంఘంలోనూ, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వంటి సంఘాల్లోనూ ఏ ఆదివారం ఏ పాఠాలు చదవాలో ముందే నిర్ణయించి ఉండడంలో ఉన్న తెలివి ఇదే. పాస్టరుగారికి ఇష్టమైన వచనమే ప్రతివారం రాకుండా అది అడ్డుపడుతుంది.

చివరిది, నిజానికి అన్నిటికంటే బరువైనది. ఇదంతా అక్షరం వచ్చినవాళ్ల, తీరిక ఉన్నవాళ్ల ధ్యానం కాదా? తెలుగునేల చరిత్రే దీనికి జవాబు చెబుతుంది. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కరువు కాటేసిన కాలం, ఎక్కువమంది మాదిగలు, బడి గడప తొక్కనిస్తే గదా చదువు వచ్చేది! వాళ్లకి వాక్యం చెవి గుండా వచ్చింది, పాటగా నిలిచింది. పురుషోత్తమ చౌదరి రాసిన తెలుగు క్రైస్తవ కీర్తనలు ఈనాటికీ పుస్తకం తెరవకుండా పాడే పెద్దవాళ్లున్నారు. 1912లో డోర్నకల్ బిషప్ అయిన అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు, పల్లె సంఘాల్లో బైబిలు కథల్నీ ఆజ్ఞల్నీ కంఠస్థం చేయించడానికి, తెలుగు బాణీల్లో పాడించడానికి పెద్దపీట వేశాడు. నాట్లు వేస్తూ ఒక కథని మొదటినుంచి చివరిదాకా మనసులో తిప్పుకునే కూలి మనిషి, ఫోన్‌లో వచ్చిన ఒక్క వచనానికి చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకునే చదువరికంటే ఎక్కువే ధ్యానించింది.

తీరిక సంగతికొస్తే, ఒక అధ్యాయం చదవడానికి పట్టేది అయిదారు నిమిషాలు. మొదలుపెట్టేవారికి యాకోబు పత్రిక అనువుగా ఉంటుంది, అయిదు అధ్యాయాలే. రెండో రోజు, ఉంగరం పెట్టుకుని వచ్చినవాడికి మంచి చోటు చూపించి చిరిగిన బట్టలవాణ్ని నిలబెట్టే సంఘం ఎదురవుతుంది. మూడో రోజు నాలుక వంతు. అయిదో రోజు, చేలు కోసినవారికి ఎగ్గొట్టిన కూలి మొరపెడుతుంది. ఇంట్లో పనిచేసే ఆమెకి ఈ నెల జీతం అందిందా, సెలవు పెట్టిన రోజులకి కోత పడిందా అన్నది ఆ ఉదయం ప్రార్థనలోనే తేలాల్సిన లెక్క.