ఉచితమే గానీ... ఊరికే కాదు!

మా అక్క కూతురికి 32 ఏళ్లు. విడాకులై మూడేళ్లయింది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటోంది. "మ్యాట్రిమోనీలో పేరిస్తే ముందు కులం, తర్వాత జీతం, ఆ తర్వాత 'విడాకులెందుకయ్యాయి?' అని ఆరా. మనిషి సంగతి ఆఖర్న! నాకు ముందు మనిషి ఎలాంటివాడో తెలియాలి పిన్నీ" అంది. సబబే అనిపించింది. వాళ్లమ్మకు చెబితే గుండె పట్టుకుని కూర్చుంటుందని, ఫోను పుచ్చుకుని నా దగ్గరికొచ్చింది. రెండు ఆదివారాలు పిన్నీ కూతుళ్లం కూర్చుని, డబ్బు కట్టకుండా ఏ డేటింగ్ యాప్‌లో ఏం దొరుకుతుందో చూశాం.

డేటింగ్ అనే మాట మన ఇళ్లలో ఇంకా గుసగుసగానే వినిపిస్తుంది. పెళ్లిచూపుల్లో పావుగంట పెరట్లో మాట్లాడించి "ఏమ్మా, నచ్చాడా?" అని అడిగితే అది మర్యాద. నాలుగు నెలలు మాట్లాడి తేల్చుకుంటానంటే బరితెగింపు. ఇదేం లెక్కో నాకైతే అర్థం కాదు.

సరే, యాప్‌ల సంగతి. 2012లో అమెరికాలో మొదలైన టిండర్ పేరు అందరూ వినే ఉంటారు. ఫొటో నచ్చితే కుడివైపుకి, నచ్చకపోతే ఎడమవైపుకి తోసెయ్యడమే. ఇద్దరూ ఒకరినొకరు ఇష్టపడితేనే మాటలకు దారి తెరుచుకుంటుంది. ఇంతవరకూ ఉచితమే. మనల్ని ఎవరు ఇష్టపడ్డారో మాత్రం మసకగా చూపించి, డబ్బు కడితే తెర తీస్తానంటుంది. అన్నిటికన్నా జనం ఎక్కువ, తాలూ ఎక్కువే. కాలక్షేపానికొచ్చినవాళ్లనీ, నిజంగా తోడు కోసం వచ్చినవాళ్లనీ వేరు చేసేసరికి తల ప్రాణం తోకకొస్తుంది.

టిండర్ స్థాపకుల్లో ఒకరైన విట్నీ వుల్ఫ్ హర్డ్ అందులోంచి బయటికొచ్చి 2014లో బంబుల్ పెట్టింది. మన దేశానికి 2018లో వచ్చింది. స్త్రీ పురుషుల జత కుదిరితే మొదటి పలకరింపు ఆడవాళ్లదే, అదీ 24 గంటల్లోపు. లేదంటే జత రద్దయిపోతుంది. ఎవడు పడితే వాడు అర్ధరాత్రి "హాయ్ డియర్" అనే బెడద చాలావరకు తప్పుతుంది. రోజూ మొదటి మాట వెతుక్కోవడం విసుగనే వాళ్ల కోసం 2024లో చిన్న మార్పు చేశారు. ఆడపిల్ల ముందే ఒక ప్రశ్న రాసి పెట్టుకుంటే, కుదిరిన అబ్బాయి దానికి జవాబిస్తూ మాట కలపొచ్చు. మావాడు... అదే, మా అమ్మాయి "ఆదివారం వంట ఎవరు చేస్తారు మీ ఇంట్లో?" అని పెట్టింది. జవాబుల్లోనే సగం మంది సంగతి తేలిపోయింది!

నాకు నచ్చింది హింజ్. ఇందులో ఫొటోలతో బాటు చిన్న చిన్న ప్రశ్నలకు జవాబులు రాయాలి. అవతలివాళ్లు మొత్తం మనిషిని కాకుండా ఫలానా ఫొటోనో, ఫలానా జవాబునో మెచ్చుకోవచ్చు. ఉచితంగా వాడేవాళ్లకు రోజుకు పంపుకునే లైకులు కొద్దిగానే ఉంటాయి. ఆ పిసినారితనమే మంచిదంటాను. చేతిలో తక్కువుంటే ఆచితూచి ఖర్చు పెడతాం కదా. 2004 నాటి ఓకేక్యుపిడ్ కూడా ప్రశ్నలతోనే నడుస్తుంది. దేవుడి మీద నమ్మకం దగ్గర్నుంచి పిల్లల దాకా అడిగి, ఇద్దరికీ ఎంత శాతం కలుస్తుందో చెబుతుంది. ఓపికున్నవాళ్లకే అది. అన్నట్టు టిండర్, హింజ్, ఓకేక్యుపిడ్ మూడూ మ్యాచ్ గ్రూప్ అనే ఒకే కంపెనీవి. దుకాణాలు మూడు, షావుకారు ఒక్కడే!

డబ్బు కట్టాలా అంటే, ఆడవాళ్లకు అక్కర్లేదనే చెబుతాను. మన దేశంలో ఈ యాప్‌లలో మగవాళ్లే ఎక్కువ. మనకొచ్చే ఇష్టాలకు కొదవుండదు, జల్లెడ పట్టుకోవడమే పని.

మా అమ్మాయికున్న పెద్ద భయం వేరు. "మా ఆఫీసువాళ్లకో, మాజీ అత్తారింటివాళ్లకో కనిపిస్తే?" అని. టిండర్‌లో దీనికి ఉచితంగానే ఉపాయముంది. మన ఫోన్లో ఉన్న నంబర్లలో వద్దనుకున్నవి ఎంచి ఇస్తే, వాళ్లు ఆ నంబర్లతో ఖాతా తెరిచి ఉంటే ఒకరికొకరు కనిపించరు. వాళ్లు వేరే నంబరుతో ఉంటే మాత్రం ఈ ఉపాయం పారదు. అందుకే ఆఫీసు పేరు, ఇంటి వీధి, కారు నంబరు కనిపించే ఫొటో పెట్టొద్దన్నాను.

ఈ సంగతి ఎలా పాకిందో గానీ, మా వీధిలో ఒకావిడ వచ్చి కూర్చుంది. కూతురికి సంబంధం ఖాయమైంది, అబ్బాయి ఇలాంటి యాప్‌లలో ఉన్నాడేమో వెతికి పెట్టమని. పేరో, ఫోన్ నంబరో ఇస్తే చెప్పేస్తామనే సైట్లు ఆవిడ ఫోన్లో అప్పటికే రెండు తెరిచి ఉన్నాయి. "ఉచితం అన్నాడమ్మా, చివర్లో కార్డు నంబరు అడుగుతున్నాడు" అంది. మూసేయమన్నాను. టిండర్, బంబుల్, హింజ్ లాంటివాటిలో పేరు పెట్టి మనిషిని వెతికే వీలే లేదు. లోపలున్న వాళ్లకే లేనిది బయటి సైటువాడికి ఎక్కణ్నుంచి వస్తుంది? కాబోయే అల్లుడి ఫొటో, నంబరు మనమే ఒక అపరిచితుడి చేతిలో పెట్టినట్టవుతుంది.

దొంగ పేరుతో ప్రొఫైల్ తెరిచి గాలిస్తానంది. అదీ దండగే. వయసు, దూరం లెక్క కలిసినవాళ్లే కనిపిస్తారు, కనిపించనంత మాత్రాన లేడని కాదు. ఒకవేళ కనిపించినా ఇప్పటి సంగతని చెప్పలేం. చాలామంది ఫోన్లోంచి బొమ్మ తీసేసి ఖాతా పోయిందనుకుంటారు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఖాతా తొలగిస్తేనే అది పోతుంది. "అమ్మాయినే నేరుగా అడగమనండి వదినా" అన్నాను. ఆవిడకు రుచించలేదు. పోనీ, ఆ అమ్మాయికి రుచించింది. అడిగింది. రెండేళ్ల క్రితం ఉండేవాణ్నని అతనే చెప్పాడట. పెళ్లి జరుగుతుందో లేదో తెలియదు గానీ, ఆ మాట పెళ్లికి ముందే బయటికొచ్చింది.

వెతుకులాట పనికొచ్చేది మరోచోట. కొత్తగా పరిచయమైనవాడి ఫొటోని గూగుల్ లెన్స్‌లో పెట్టి చూడండి. అదే ఫొటో ఏ మోడల్‌దో, వేరే దేశం డాక్టర్‌దో అని తేలితే మళ్లీ మాట్లాడక్కర్లేదు. ఏమీ దొరక్కపోతే నిజమైనవాడేనని కూడా కాదు. వీడియో కాల్‌కి రమ్మనండి. వారాల తరబడి కెమెరా పాడైందంటున్నాడంటే, తర్వాత వచ్చేది డబ్బు మాటే. కస్టమ్స్‌లో పార్సిల్ ఆగిందనో, పెట్టుబడి పెడితే రెట్టింపనో మొదలెడతాడు.

కంప్యూటర్, ఫోను వాడి మారుపేరుతో మోసం చేస్తే ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ల దాకా జైలు. పెళ్లాడే ఉద్దేశం లేకుండా మాటిచ్చి లొంగదీసుకుంటే, 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత 69వ సెక్షన్ కింద పదేళ్ల దాకా శిక్ష ఉంది. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు అవతలి ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ. కోపంతో వెంటనే అతన్ని జాబితాలోంచి తీసేయకండి. తీసేస్తే సంభాషణ మొత్తం మీ ఫోన్లోంచి మాయమైపోతుంది. ముందు స్క్రీన్‌షాట్లు తీసి, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కి పంపి, ఆ తర్వాత తీసేయండి.