డెన్మార్క్‌లో చెల్లుచీటీ రాయాలంటే

ఇద్దరి మధ్య లెక్క తేలిపోతే "నీకూ నాకూ చెల్లు" అంటాం. అదే రాసిస్తే చెల్లుచీటీ. ఇక్కడ తమిళనాట రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర "విడుదలై పత్రం" అంటారు. పుట్టింటి ఆస్తిలో భాగం వదులుకున్నట్టు ఆడపిల్లల చేత సంతకం పెట్టించేది చాలాసార్లు దాని మీదే. అనువాదం పేపరు కోసం నేను డెన్మార్క్ చట్టం కింద రాసే ఇలాంటి ఒప్పందాన్ని తీసుకున్నాను. అన్నీ వదులుకుంటున్నానని రాసినంత మాత్రాన అక్కడ అన్నీ పోవు. అది నన్ను ఆకట్టుకుంది.

డెన్మార్క్ మనకు మరీ పరాయిదేం కాదు. తంజావూరు రఘునాథ నాయకుడు, మనం తెలుగు కవిగా చదువుకునే ఆయనే, 1620లో డేన్‌లతో ఒప్పందం చేసుకుని తరంగంబాడిలో కోట కట్టుకోనిచ్చాడు. 1845 దాకా ఆ ఊరు వాళ్ల చేతిలో ఉంది. 1683లో అయిదో క్రిస్టియన్ రాజు తెచ్చిన చట్టం ప్రకారం నోటితో చెప్పినా, చేత్తో రాసినా, ముద్ర వేసినా మాట మాటే. ఆ నియమం నేటికీ అమల్లో ఉంది. కాబట్టి మామూలు ఒప్పందం చెల్లడానికి సాక్షులు అక్కర్లేదు, ప్రతిఫలమూ అక్కర్లేదు. ఇంగ్లీషు నమూనాల్లో కనిపించే "ఒక డాలరు పుచ్చుకుని" లాంటి వాక్యాన్ని అక్కడ కొట్టేయొచ్చు.

కోపెన్‌హాగన్‌లో సైకిలు మీద వెళ్తున్న ఒకామెను కారు గుద్దింది, మణికట్టు విరిగింది అనుకుందాం. బీమా కంపెనీ ఇంత ఇస్తాం, ఇక ఏమీ అడగనని సంతకం పెట్టమంటుంది. రాసేవాళ్లకి "తెలిసినవీ తెలియనివీ, నేటివీ రేపటివీ, సమస్త హక్కులూ" అని రాయాలనిపిస్తుంది. మన పాత దస్తావేజుల్లో "ఆచంద్రార్కం" లాగా వినడానికి గంభీరంగానే ఉంటుంది. నా దృష్టిలో అది రాసేవాళ్ల బద్ధకం. ఏ తేదీన జరిగిన ప్రమాదం, ఎవరికి ఎవరి మీద ఉన్న హక్కు, ఏయే పద్దులు (సైకిలు ఖరీదు, మందుల ఖర్చు, పోయిన జీతం) అన్నీ పేరుపేరునా రాయాలి. ఏవి ఇంకా తేలలేదో అవీ రాయాలి.

ఎందుకంటే 1917 నాటి ఒప్పందాల చట్టంలో 36వ సెక్షన్ ఉంది. దానికి ఇప్పటి రూపం 1975లో వచ్చింది. ఒప్పందాన్ని అమలు చేయడం అన్యాయమనిపిస్తే కోర్టు దాన్ని మార్చవచ్చు, కొంతో మొత్తమో పక్కన పెట్టవచ్చు. సంతకం పెట్టిన రోజు పరిస్థితే కాదు, తర్వాత జరిగినదీ చూస్తుంది. కంపెనీ ముందే అచ్చేసి పెట్టుకున్న ఫారంలో రెండర్థాల వాక్యం ఉంటే, వినియోగదారుకి మేలు చేసే అర్థమే తీసుకుంటారు. ఒంటికి తగిలిన దెబ్బల విషయంలో ఇంకొకటి ఉంది. 1984 నాటి నష్టపరిహార చట్టం 11వ సెక్షన్ ప్రకారం, ఆరోగ్యంలో ఎవరూ ఊహించని పెద్ద మార్పు వస్తే, శాశ్వత వైకల్యం, సంపాదన శక్తి నష్టం గురించి ముగిసిపోయిన వ్యవహారాన్ని మళ్లీ తెరవమని అడగవచ్చు. రెండేళ్ల తర్వాత ఆ మణికట్టు పూర్తిగా బిగుసుకుపోయి ఆమె కుట్టుపని మానేయాల్సి వచ్చిందనుకోండి. "సమస్త హక్కులూ" అన్న మాట ఆమెకు తలుపు మూసెయ్యలేదు.

అలాగని సంతకానికి విలువ లేదనుకోకండి. ఇద్దరికీ తెలిసి, బేరమాడి తేల్చుకున్న పద్దులు తేలినట్టే. మళ్లీ సైకిలు డబ్బు అడిగితే కోర్టు వినదు. ప్రమాదం జరక్కముందే, గుర్రపుస్వారీ నేర్పేచోటో మరోచోటో, "ఏం జరిగినా మా పూచీ లేదు" అని రాయించుకునే కాగితాల దారి వేరు. కావాలని చేసిన హానికి అవి కవచం కావు, ఘోరమైన నిర్లక్ష్యానికీ సాధారణంగా కావు.

మరి డబ్బు తీసుకునేవాళ్లు చూసుకోవాల్సింది? హక్కు వదులుకోవడం సంతకంతో కాక డబ్బు చేతికి ముట్టాకే మొదలవ్వాలి. ఇవ్వాల్సిన తేదీ రాయాలి. ఇంకో వాక్యం కూడా చేర్చించుకోవాలి: గడువుకి డబ్బు రాకపోతే ఈ పత్రం ఆధారంగానే నేరుగా వసూలు చేసుకోవచ్చు అని. అది స్పష్టంగా రాసి ఉంటే కొత్తగా దావా వేసి గెలవక్కర్లేదు, పత్రం పట్టుకుని అమలు కోర్టుకి వెళ్లిపోవచ్చు. రాసి లేకపోతే ఆ పత్రం పట్టుకుని నేరుగా అక్కడికి వెళ్లలేరు.