పసిబిడ్డకు మెడ నిలువకున్నచో...

నాల్గవ నెల దాటినను బిడ్డకు మెడ నిలువకున్నచో మన ఇండ్లలో పెద్దలు మొదట చేయించునది నూనె మర్దన. మర్దన మంచిదే, బిడ్డ హాయిగా నిద్రించును. కాని కాళ్లుచేతులు పట్టు తప్పి, కాళ్లు కప్పకాళ్లవలె పరచుకొని, ముఖము మాత్రము చురుకుగా ఉండి కన్నులతో అందరిని గుర్తించు బిడ్డ విషయములో నూనెతో కాలయాపన కూడదు. అది స్పైనల్ మస్కులర్ ఎట్రోఫీ కావచ్చును. ఈ జన్యువ్యాధిలో కండరములను నడుపు వెన్నుపాము నాడీకణములు క్రమముగా నశించును.

ఆ కణములను కాపాడు ప్రోటీనుకు మూలము ఎస్.ఎమ్.ఎన్.1 అను జన్యువు. ఈ బిడ్డలలో అది పనిచేయదు. దాదాపు అట్టిదే అయిన ఎస్.ఎమ్.ఎన్.2 వారిలో ఉండియు తగినంతగా ఆదుకొనదు. కారణమేమి?

జన్యువునుండి తయారగు ఆర్.ఎన్.ఎ. ప్రతిలో అక్కరలేని భాగములను కోసివేసి, మిగిలినవానిని అతికిన పిమ్మటనే సందేశము సిద్ధమగును. నిడదవోలు జంక్షనులో రైలుపెట్టెలను విడదీసి కలుపు పనివంటిదే ఇది. కొక్కెము కనబడిననే గదా పనివాడు తగిలించును! ఆర్.ఎన్.ఎ. చాచిన దారమువలె ఉండదు. తనపై తానే మడతపడి ముడులు వేసుకొనును. ఏడవ భాగము చివర అట్టి ముడి ఒకటి అతుకవలసిన చోటును కొంత కప్పివేయును. ఈ ముడి రెండు జన్యువుల ప్రతులలోను కలదు. అయితే ఎస్.ఎమ్.ఎన్.2లో ఒక్క అక్షరము మారినందున ఆ భాగమును గుర్తించు బలము తగ్గినది. ముడి చాటున అది తరచు జారిపోవును. అప్పుడు పొట్టి ప్రోటీను పుట్టి త్వరలోనే నశించును. ప్రయోగశాలలో ఆ ముడిని సడలించినప్పుడు ఏడవ భాగము చేరిక పెరిగినది.

ఈ అతుకును సరిచేయు మందులు వచ్చినవి. 2016లో అమెరికాలో అనుమతి పొందిన నుసినర్సెన్ వెన్నులో ఇచ్చు ఇంజెక్షను; 2020లో అనుమతి పొందిన రిస్డిప్లామ్ నోటితో తీసుకొనునది. 2021లో హైదరాబాదులో ఒక బాలునికి ప్రజల విరాళములతో ఇప్పించిన 16 కోట్ల రూపాయల ఇంజెక్షను వేరు, అది జన్యువునే అందించును. నశించిన నాడీకణములను మాత్రము ఏ మందును తిరిగి తేలేదు. కనుక అనుమానము కలిగిన వెంటనే పిల్లల నరముల వైద్యునికి చూపి, రక్తముతో జన్యుపరీక్ష చేయింపవలెను.

తల్లిదండ్రులిద్దరును ఈ లోపమును మోయువారైనచో ప్రతి కాన్పులోను బిడ్డకు వ్యాధి వచ్చు అవకాశము 25 శాతము. మోయువారికి ఏ లక్షణమును ఉండదు. మేనరికములలో ఇట్టి కలయికకు అవకాశము హెచ్చు. జాతకములు చూపించు ఇంటిలో, ముఖ్యముగా వంశమున ఇట్టి బిడ్డ కలిగియున్నచో, వివాహమునకు ముందే వధూవరులిద్దరికిని ఈ రక్తపరీక్ష చేయించుట ఉచితము.